ఫ్యాక్టరీ పని, కరిగిపోతున్న జీతం, ముందుకెళ్లే దారులు: గోదావరి జిల్లాల కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల ప్లాంటు, రైసు మిల్లు, జీడిపప్పు షెడ్డు, కొబ్బరి పీచు యూనిట్. వీటిలో పనిచేసేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. నేను తణుకు వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో పదిహేడేళ్లు పనిచేశాను, ఊక మోయడంతో మొదలుపెట్టి బాయిలర్ దాకా వెళ్లాను. మా ఆవిడ భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో తొమ్మిదేళ్లు తొక్క తీసింది. ఇక్కడ రాసినవాటిలో సగం మేం నష్టపోయాక నేర్చుకున్నవే, మీరు ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

నాకు ఏటా ఎంతో కొంత పెంచుతూనే ఉన్నారు కదా, జీతం తగ్గిందని ఎలా అంటారు?

చేతికొచ్చే నోట్లు పెరిగాయండి, ఆ నోట్లకు వచ్చే సరుకు తగ్గింది. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతున్నాయనుకుందాం. ఇవాళ 100 రూపాయలకు వచ్చే సామాను ఆరేళ్ల తర్వాత 134 అవుతుంది. అంటే 10,000 జీతం ఆరేళ్లకు 13,400 అయితే మీరు ఉన్నచోటే ఉన్నట్టు. ఏడాదికి 300 చొప్పున పెంచి 11,800 చేశారనుకోండి, అది పెంపు కాదు, నెలకు 1,600 కోత.

శాతాల్లో చెబితే బుర్రకెక్కదు కాబట్టి మీ ఇంట్లో ఇలా చేసి చూడండి. మా ఇంట్లో కిరాణా చిట్టాలు ఇనప తీగకు గుచ్చే అలవాటు ఉంది. ఒకరోజు అడుగున ఉన్న పాత చిట్టా తీసి, అదే బియ్యం బస్తా, అదే మూడు కేజీల కందిపప్పు, అదే ఐదు ప్యాకెట్ల నూనె కొత్త రేటుకు రాశాం. మొత్తాన్ని రూపాయల్లో కాకుండా కూలి రోజుల్లో లెక్కేశాం. అప్పట్లో ఆ సరుకు మా ఆవిడ ఎనిమిది రోజుల కష్టం, ఇప్పుడు పదకొండు రోజులు. ఆ మూడు రోజులు ఎవరూ వచ్చి కోసుకోలేదు, ఏ కాగితంలోనూ కనపడవు. కానీ పోయింది మాత్రం ఆ మూడు రోజులే.

మన డెల్టాలో ఇన్ని ప్లాంట్లు వచ్చాయి కదా, పోటీకి జీతాలు పెరగాలి గానీ ఎందుకు కదలట్లేదు?

పనికోసం వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి. ఊడ్పులు, కోతలు ఒకప్పుడు ఆడవాళ్లకు ఏడాదిలో కొన్ని నెలల పని. కోత మిషన్లు వచ్చాయి, వరి చేలు చెరువులయ్యాయి. ఎకరం వరికి కావలసినంతమంది కూలీలు ఎకరం చెరువుకి అక్కర్లేదు. ఆ ఇళ్ల నుంచే ఆడవాళ్లు ఉదయం ఐదింటికి కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతున్నారు. ఆ బస్సు తప్పితే ఇంకో పని లేదని ప్లాంటు మేనేజరుకీ తెలుసు.

రెండోది, మన రొయ్య ఎక్కువగా వెళ్లేది అమెరికాకే. 2025 ఆగస్టులో వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ముందు చెరువు రైతుకి కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటులో తగిలింది, ఆ వెంటనే షెడ్డులో పనిదినాల మీద పడింది. రోజు కూలి తగ్గించామని ఎవరూ చెప్పరు, వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులవుతుంది. నెలాఖరుకి రెండూ ఒకటే. ధర బాగున్న ఏడాది మాత్రం ఆ లాభం షెడ్డు దాకా రాలేదని మాకు బాగా గుర్తు.

ఒడిశా, బీహార్ వాళ్లు వచ్చి తక్కువకు చేస్తున్నందుకే మన కూలి పడిపోయిందంటున్నారు. నిజమేనా?

ఈ మాట నేనూ ఒకప్పుడు అన్నవాణ్నే, ఇప్పుడు అనను. వాళ్లు తక్కువకు రావట్లేదు, వాళ్లను తక్కువకు తెస్తున్నారు. మధ్యలో మేస్త్రీ, ఊళ్లో ఇచ్చిన అడ్వాన్సు, మిల్లు కాంపౌండులోనే రేకుల గది. రాత్రి పదింటికి లారీ వస్తే నిద్రలేచి బస్తాలు దింపాల్సిందే, వెళ్లిపోదామంటే బాకీ.

మన తాతలు చేసిందీ ఇదే. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవుల్లో మోతకూలి చేశారు. మన కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె అయ్యాక వాళ్లను తీసేసి మళ్లీ మనవాళ్లను పిలిచేసరికి రెండు వర్గాలకీ గొడవై ఎంతోమంది చనిపోయారు. పక్కవాడి మీద కోపం పెట్టుకుంటే కూలి పెరగదండి. పక్క లైనులో ఒడియా అతనికీ కనీస వేతనం ఇవ్వాల్సి వస్తేనే మీ కూలి నిలబడుతుంది.

కేజీ లెక్కన తొక్క తీస్తాం. మాకూ కనీస వేతనం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే.

కేజీకి ఇంత అని రేటు పెడతారు. 30 కౌంట్ వచ్చిన రోజు చెయ్యి ఆడినంతసేపట్లో బుట్ట నిండుతుంది. 100 కౌంట్ వచ్చిన రోజు కేజీకి వంద రొయ్యలు ఒక్కొక్కటిగా తల తీయాలి, తొక్క తీయాలి, నరం లాగాలి. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారి సాయంత్రానికి గాజులు తీసుకోవడానికి కూడా చెయ్యి ముడవదు. రేటు మాత్రం చాలాచోట్ల కొద్దిపాటి తేడానే. మా ఆవిడ ఒక నోటుబుక్కులో రోజూ కౌంట్, కేజీలు, గంటలు రాసేది. నెల తిరిగాక చూస్తే చిన్న కౌంట్ వచ్చిన పదకొండు రోజుల్లో ఆమె సంపాదన కనీస వేతనం కిందకు పోయింది. సూపర్‌వైజర్ని అడిగితే "నీ చెయ్యి నెమ్మది" అన్నాడు. అదే వారం లైనులో మిగతా ఆరుగురి లెక్కలూ రాయించి చూశాం, అందరి చేతులూ ఒకేసారి నెమ్మదించాయి.

చట్టం చెప్పేదేమిటంటే, పీస్ రేటు మీద పనిచేసినా, రోజంతా పనిచేసిన మనిషికి ఆ రోజు కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదు. ఎక్కువ తీస్తే ఎక్కువ, తక్కువైతే కనీసం. ఇంకొకటి. మీరు పనికి సిద్ధంగా వచ్చారు, సరుకు రాలేదని మధ్యాహ్నం ఇంటికి పంపేశారు. పని ఇవ్వలేకపోయింది వాళ్లు కాబట్టి పూర్తి రోజు కూలి మీకు రావాలి. పాత కనీస వేతనాల చట్టం, అంటే 1948 నాటిది, దాంట్లోనూ ఉంది, కొత్త వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఈ ఒక్క వాక్యం తెలియక మన షెడ్డుల్లో ఎన్ని సగం రోజులు పోయాయో.

నాకు రావాల్సిన కనీస వేతనం ఎంతో ఎక్కడ చూడాలి?

ఇక్కడ ఒక అంకె రాస్తే ఆరు నెలల్లో పాతబడుతుంది. మూల వేతనం మీద కరువు భత్యం కలుపుతారు, ఆ భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. మీ పరిశ్రమ ఏదో, మీరు నైపుణ్యం లేనివాళ్ల కిందా, కొంత నైపుణ్యం ఉన్నవాళ్ల కిందా, నైపుణ్యం ఉన్నవాళ్ల కిందా అన్నదాన్నిబట్టి అంకె ఉంటుంది. రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైటులో పట్టిక పెడతారు, మీ టౌన్లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర అడిగినా చెప్పాలి. ఐదేళ్లుగా గ్రేడింగ్ చేస్తున్న మనిషిని ఇంకా హెల్పర్ అని రాసి నైపుణ్యం లేనివాళ్ల రేటు ఇస్తుంటే, ముందు పట్టాల్సింది ఆ మాటని.

పోల్చి చూసుకోవడానికి ఒకటి చెబుతాను. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలు చలి గదిలో నిలబడి అంతకంటే కాస్త పైన తెచ్చుకుంటున్నారంటే మీ పనికి కట్టిన విలువ ఎంతో అర్థమవుతుంది.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక చేతికొచ్చే జీతం ఇంకా తగ్గింది. ఇదేంటి?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. అందులో ఒక నియమం, జీతంలో అలవెన్సులన్నీ కలిపి సగానికి మించకూడదు, మించితే ఆ ఎక్కువైనది మూల వేతనంలో కలిపే లెక్కించాలి. మీకు మొత్తం 15,000, అందులో బేసిక్ 6,000 చూపించారనుకోండి. ఇదివరకు 12 శాతం పీఎఫ్ కింద 720 పట్టేవాళ్లు. ఇప్పుడు 7,500 మీద 900 పట్టాలి. మీ చేతికి 180 తగ్గింది నిజమే, కానీ కంపెనీ కూడా ఇంకో 180 కలపాలి. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం) కూడా ఆ పెరిగిన అంకె మీదే వస్తుంది. ఈ కోత మీ పెట్టెలోకే వెళ్తోంది, దీనికి భయపడొద్దు.

భయపడాల్సింది వేరే. కొన్నిచోట్ల కంపెనీ కట్టాల్సిన 12 శాతాన్ని కూడా మీ జీతంలోంచే పట్టి, రెండు వాటాలూ మీరే కడుతున్నట్టు చేస్తారు. స్లిప్పులో పీఎఫ్ అని రెండు గళ్లు ఉంటాయి, లేదా మొత్తం జీతమే ఆ మేరకు తగ్గించి రాస్తారు. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి పట్టుకోవడం నేరం. అలాగే స్లిప్పే ఇవ్వకపోవడం, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వకపోవడం ఇకమీదట కుదరదు. అడగండి.

పీఎఫ్ పట్టుకుంటున్నారు, కడుతున్నారో లేదో తెలియట్లేదు.

పదినిమిషాల పని. మీ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) తెలుసుకుని ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి, లేదా పీఎఫ్‌కి ఇచ్చిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇవ్వండి. నెలనెలా మీ వాటా, కంపెనీ వాటా కనిపించాలి. స్లిప్పులో పట్టి ఖాతాలో పడకపోతే ఆ స్లిప్పు, పాస్‌బుక్ రెండూ ఫోటో తీసి పీఎఫ్ వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల్లో పెట్టండి. 14470కి ఫోన్ చేయొచ్చు, రాజమహేంద్రవరం ప్రాంతీయ కార్యాలయానికి నేరుగా వెళ్లొచ్చు.

కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీస్తారు, అది వద్దనండి. మా ఆవిడకు తొమ్మిదేళ్లలో మూడు నంబర్లు ఉన్నాయని చివర్లో తెలిసింది. మొదటి రెండేళ్ల డబ్బు అప్పటికే తీసేసుకున్నాం, ఇంటి పైకప్పుకి. పింఛను నిధి కూడా దాంతోపాటు వచ్చేసింది. 58 ఏళ్లకు నెలనెలా పింఛను రావాలంటే మొత్తం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆమెకు ఏడేళ్లే మిగిలాయి. పని మానేసినప్పుడల్లా పీఎఫ్ మొత్తం తీసేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది, మేస్త్రీలే దగ్గరుండి ఫారం నింపుతారు, కమీషన్ తీసుకుంటారు. ఆసుపత్రి ఖర్చైతే కాదనను. బైకుకీ, ఫంక్షన్‌కీ అయితే కొంత తీసుకోండి గానీ ఖాతా మూయకండి, పాతది కొత్తదాంట్లోకి బదిలీ పెట్టించుకోండి.

మొదటిసారి పీఎఫ్‌లో చేరుతున్న కుర్రాళ్లకు ఇంకో విషయం. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య తొలిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు కేంద్రం ఒక నెల జీతం, గరిష్ఠంగా 15,000, రెండు విడతలుగా ఇస్తోంది. ఆరు నెలలు ఉంటే ఒకటి, ఏడాది ఉంటే రెండోది. కాగితం మీద లేని పనికి ఇది రాదు.

ఈఎస్ఐ వల్ల లాభమేంటి, మందులు కూడా ఉండవు కదా?

డిస్పెన్సరీలో మందులు లేవని తిట్టుకోవడంలో తప్పు లేదు, నేనూ తిట్టుకున్నాను. కానీ ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) అంటే మందులే కాదు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు కట్టేది 0.75 శాతం, కంపెనీ కట్టేది 3.25. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే, కోలుకునేదాకా 90 శాతం. కాన్పుకి 26 వారాల పూర్తి వేతనం.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనిలో జరిగినట్టే లెక్క. తెల్లవారుజామున మంచులో కాలవ గట్టు రోడ్ల మీద ఒక్కో ఆటోలో పన్నెండుమంది వెళ్తున్నారు. ఆ ఆటో బోల్తాపడి ప్రాణం పోతే, ఈఎస్ఐలో పేరున్న మనిషి కుటుంబానికి నెలనెలా భృతి వస్తుంది, పేరు లేని మనిషి కుటుంబం గేటు ముందు కూర్చుని బతిమాలుకోవాలి. రెండూ నేను చూశాను. కార్డులో కుటుంబసభ్యుల పేర్లు ఎక్కాయో లేదో ఇవాళే చూసుకోండి.

పన్నెండు గంటలు చేస్తే ఓటీ ఎంత రావాలి?

రెట్టింపు. ఎనిమిది గంటలకు 480 అంటే గంటకు 60, ఓటీ గంటకు 120. నాలుగు గంటల ఓటీకి మరో 480, మొత్తం 960. చాలాచోట్ల "షిఫ్టున్నర" అని 720 చేతిలో పెడతారు. నెలకు ఇరవై రోజులు అలా చేస్తే 4,800 పోయినట్టు. మన రాష్ట్రంలో 2025లో రోజు పని పరిమితిని 10 గంటలకు పెంచారు గానీ వారానికి 48 గంటలన్న హద్దు అలాగే ఉంది, దాన్ని దాటినదంతా ఓటీయే.

ఓటీ మీద బతుకు నడపొద్దని కూడా చెప్పాలి. మిల్లులో మూడేళ్లు వరసగా పన్నెండు గంటలు చేశాను. ఆ మూడేళ్లలో మా పెద్దాడు నడవడం, మాట్లాడటం నేర్చుకున్నాడు, రెండూ నేను చూడలేదు. మనిషి అలా అలిసిపోయాక పరీక్షకీ చదవలేడు, వేరే పనీ వెతుక్కోలేడు.

కాంట్రాక్టర్ డబ్బు ఎగ్గొట్టి పోయాడు. కంపెనీ "మాకు సంబంధం లేదు" అంటోంది.

సంబంధం ఉంది. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ఆ కూలి అసలు కంపెనీ ఇవ్వాల్సిందే, తర్వాత అతని దగ్గర వాళ్లు రాబట్టుకుంటారు. మీరు ఆ గేటు లోపల పనిచేశారని చూపించగలిగితే చాలు.

బోనస్, గ్రాట్యుటీ మాబోటివాళ్లకు ఉంటాయా?

ఉంటాయి. ఏడాదిలో 30 రోజులు పనిచేసినా బోనస్‌కి అర్హత ఉంది, కనీసం 8.33 శాతం, అంటే ఏడాదంతా చేస్తే దగ్గరదగ్గర నెల జీతం. పండక్కి చీర, స్వీట్ ప్యాకెట్ ఇచ్చి ఇదే బోనస్ అంటే ఒప్పుకోవద్దు. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కేసి. ఆఖరి జీతం 12,000, పదేళ్ల సర్వీసు అయితే 69,230 వస్తుంది. పర్మనెంటు వాళ్లకు ఐదేళ్లు నిండాలి. గడువు పెట్టి తీసుకున్నవాళ్లకు కొత్త కోడ్ కింద ఏడాదికే వస్తుంది. నాలుగేళ్ల పది నెలలకు మానిపించి మళ్లీ కొత్తగా చేర్చుకునే అలవాటు ఉన్న మేనేజర్లకు ఈ మార్పు నచ్చలేదు.

సరే, రావాల్సింది రాబట్టుకున్నాం. అక్కడి నుంచి పైకి ఎలా ఎదగాలి?

మీ చేతిలో ఉన్న పనికి పేరు, కాగితం తెచ్చుకోండి. ఎదుగుదలకు నేను చూసిన దారుల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చింది ఇదొక్కటే, కాబట్టి నా సంగతి చెబుతాను.

ఉప్పుడు బియ్యం మిల్లుకి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలని చట్టం. నేను ఊక బుట్టలతో పొయ్యి నింపేవాణ్ని. అటెండెంటు ముసలాయన, చూపు మందగించింది. గేజ్ గ్లాసులో నీళ్ల మట్టం నన్ను చూసి చెప్పమనేవాడు. అలా రెండేళ్లు ఆయన కళ్లు నేనయ్యాను. ఒకరోజు ఆయనే అన్నాడు, "ఒరే, పని నీకొచ్చు, జీతం నాకొస్తోంది, పరీక్ష రాయి" అని. బాయిలర్ల శాఖ సెకండ్ క్లాస్ అటెండెంట్ పరీక్ష పెడుతుంది. అనుభవం ఉన్నట్టు మిల్లు నుంచి కాగితం కావాలి, దానికే నాలుగు నెలలు తిరిగాను, ఇస్తే వెళ్లిపోతానని వాళ్ల భయం. నోటి పరీక్షలో పరీక్ష పెట్టిన అధికారి అడిగింది నాకు ఇప్పటికీ గుర్తే. "గ్లాసులో నీళ్లు కనపడట్లేదు, పొయ్యి నిండా మంట ఉంది, ఏం చేస్తావ్?" పంపు వేసి నీళ్లు పెడతానంటే ఫెయిలే. కాలి ఎర్రబడిన గొట్టాల మీద చన్నీళ్లు పడితే బాయిలర్ పేలుతుంది. ముందు ఊక ఆపాలి, మంట చంపాలి. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, ముసలాయన ఒకసారి నా చెయ్యి పట్టి ఆపి చెప్పాడు. ఆ కాగితం వచ్చిన మూడు నెలలకు వేరే మిల్లులో దాదాపు రెట్టింపు జీతానికి చేరాను. పని అదే, ఊక అదే.

మీ దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయి. రొయ్యల ప్లాంటుల్లో ఫ్రీజర్లు నడిపేది అమ్మోనియా కంప్రెసర్లు, వాటి దగ్గర హెల్పరుగా ఉన్న కుర్రాడు ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చేస్తే ప్లాంటు మూతపడినా ఐసు ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ ఉంటాయి. కరెంటు పని వచ్చినవాళ్లు వైర్‌మ్యాన్ పర్మిట్ తెచ్చుకోండి. వెల్డర్లకు టెస్టు కాగితం ఉంటే కాకినాడ వైపు పెద్ద పనుల్లో అడుగుపెట్టనిస్తారు. పని ఇప్పటికే వచ్చి చదువు లేనివాళ్లకు, పాత నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణ కేంద్రాల్లో ఉంటుంది, అడగండి.

పదో తరగతి పాసవ్వలేదు. నాకు దారి మూసుకుపోయినట్టేనా?

లేదు. ఏపీ ఓపెన్ స్కూల్లో కట్టి రాయొచ్చు, వయసు అడ్డు కాదు. మా ఆవిడ ముప్పై నాలుగేళ్లకు రాసింది. లెక్కలు రెండోసారికి పాసైంది. ఇప్పుడు ఇంకో యూనిట్లో గ్రేడింగ్ లైన్ చూసుకుంటోంది, చెయ్యి ఐసులో పెట్టకుండా.

సొంతంగా ఏదైనా పెట్టుకుంటే మేలు కదా? లోన్లు ఇస్తున్నారంటున్నారు.

ఇస్తున్నారు. కేంద్రం ముద్ర లోన్లలో 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్. పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ పథకంలో తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు వరకు, పల్లెల్లో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 35 శాతం సబ్సిడీ. కోనసీమలో పీచు, తాడు పనికి రాజమహేంద్రవరంలో కాయర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది.

కానీ లోను గురించి ఆలోచించే ముందు, సరుకు ఎవరు కొంటారో చూసుకోండి. నరసాపురం లేసుకి 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే అధికారిక) గుర్తింపు వచ్చింది, గర్వపడాల్సిందే. అయినా ఇంట్లో కూర్చుని అల్లే ఆవిడకు ముక్కకి వచ్చే డబ్బు మధ్యవాడే నిర్ణయిస్తాడు. కొనేవాడు ఒక్కడే ఉంటే సొంత యూనిట్ పెట్టినా మీరు కూలీయే, పైగా కిస్తీ కట్టే కూలీ. డ్వాక్రా గ్రూపులో పదిమంది కలిసి, ముందు ఆర్డరు, తర్వాత మిషను అన్న వరసలో వెళ్లినవాళ్లే నిలబడ్డారు నాకు తెలిసి.

గల్ఫ్ వెళ్తే?

కోనసీమలో ఇంటికొకరు వెళ్లొచ్చినవాళ్లే, నేను కొత్తగా చెప్పేది తక్కువ. రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లండి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని పేరు చూసుకోండి. సేవా రుసుము 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు. లక్షన్నర అడుగుతున్నాడంటే వీసా కాదు, మిమ్మల్ని అమ్ముతున్నాడు. విజిట్ వీసా మీద పనికి వెళ్లొద్దు. ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల ప్రమాద బీమా, తప్పకుండా తీసుకోండి.

అడ్వాన్స్ బాకీ ఉంది, జీతమంతా అందులోనే పోతోంది.

అన్ని కోతలూ కలిపి జీతంలో సగానికి మించి పట్టకూడదు. బాకీ తీరేదాకా కదలనివ్వం అంటే అది వెట్టి, 1976 నుంచి నిషేధం. కలెక్టర్‌కి, ఆర్డీవోకి రాస్తే వాళ్లు కదలాల్సిందే.

యూనియన్ పెడితే ఉద్యోగం పీకేస్తారని టెన్షన్‌గా ఉంది.

ఆ భయం ఉత్తిది కాదు, అలా జరిగినవాళ్లను చూశాను. ఏడుగురు సభ్యులుంటే దరఖాస్తు చేయొచ్చని, పెద్దచోట్ల పదోవంతు మంది లేదా వందమంది, ఏది తక్కువైతే అంత, కావాలని చట్టం చెబుతుంది. చట్టం రక్షణ ఇస్తుంది, కానీ ఆ రక్షణ అందేలోపు మూడు నెలల జీతం పోవచ్చు. అందుకే మేం ముందు యూనియన్ అనలేదు. పద్నాలుగుమంది ఆడవాళ్లు ఒకే కాగితం మీద, గుండ్రంగా సంతకాలు పెట్టారు, ఎవరి పేరు ముందో తెలియకుండా. అడిగింది రెండే: చిన్న కౌంట్ రోజు కనీసం పడాలి, రబ్బరు గ్లవ్స్ చిరిగితే అదే రోజు కొత్తవి ఇవ్వాలి. గ్లవ్స్ వారంలో వచ్చాయి. కౌంట్ సంగతికి ఆరు నెలలు పట్టింది, లేబర్ ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాల్సొచ్చింది, ఇద్దరు మధ్యలో పని మానేశారు. ఆ ఇద్దరి ఇళ్లకు మిగతావాళ్లు వారం వారం ఇంత అని వేసుకున్నారు. ఏ సంఘమైనా నిలబడాలంటే అలాంటి ఏర్పాటు ముందే ఉండాలి.

ఫిర్యాదు ఎవరికి, ఎంతలోపు?

కూలి తక్కువైనా, ఓటీ ఎగ్గొట్టినా కార్మిక శాఖకు, మూడేళ్లలోపు. పని మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మిషన్‌కి రక్షణ తొడుగు (గార్డు) లేదు, అమ్మోనియా వాసన వస్తోంది లాంటివి ఫ్యాక్టరీల శాఖకు. లాయరు ఖర్చు అని ఆగిపోవద్దు, పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

నా దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఏం చూపించాలి?

కూలి ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే అని వేతనాల కోడ్ చెబుతుంది, మీరు పనిచేశారని మాత్రం మీరు చూపించాలి. గేట్ పాస్, యూనిఫాంలో దిగిన ఫోటో, సూపర్‌వైజర్ "రేపు నాలుగింటికి రండి" అని పెట్టిన వాట్సాప్ మెసేజ్, బ్యాంకులో పడిన డబ్బు, అన్నీ పనికొస్తాయి. వాటికంటే బాగా పనికొచ్చేది ఒక పది రూపాయల నోటుబుక్కు. లేబర్ ఆఫీసులో మా ఆవిడది తెరిచి పెట్టినప్పుడు అవతలి గుమాస్తా రిజిస్టరు తిరగేస్తూ ఉండిపోయాడు, ఎందుకంటే ఈ బుక్కులో తడిసి అలుక్కుపోయిన సిరాతో ప్రతి పేజీ ఇలాగే ఉంది: "మంగళవారం. లోపలికి 5.40. 100 కౌంట్. 21 కేజీలు. సరుకు అయిపోయింది, 1.15కి పంపేశారు. లక్ష్మి వేలు తెగింది."